ఖాయిదా తాయప్ప గుండీల పందెం

రాయచూరు స్టేషన్ బజారులో దర్జీ తాయప్పకున్న జబ్బు ఒక్కటే. ఇద్దరు మనుషుల మధ్య ఒక వస్తువు కనబడితే చాలు, అక్కడ ఒక ఖాయిదా, అంటే ఒక నియమం, పెట్టకుండా ఆయన ఊరుకోలేడు. ఆ ఖాయిదా న్యాయంగా ఉండాలి. ఎంత న్యాయంగా అంటే, అది అమలయ్యేసరికి ఆ వస్తువు మీద ఇద్దరికీ ఆశ చచ్చిపోవాలి.

అందుకే ఊరంతా ఆయన్ను ఖాయిదా తాయప్ప అనేది. చిన్నప్పుడు ఆయనతో గోలీలాడి, పెద్దయ్యాక జిన్నింగు మిల్లులో గుమాస్తాగా చేరిన అమరేశప్ప ఇంకొన్ని పేర్లు కూడా పెట్టాడు గాని అవి ఆడవాళ్ల ముందు పలికేవి కావు. పాపం, ఆ ఖాయిదాల దెబ్బ మొదట తిన్నవాడు అతనే. ఒకసారి ఇద్దరికీ కలిపి ఒక సీతాఫలం దొరికింది. ఒకడు చీల్చాలి, రెండోవాడు ముందు ఏరుకోవాలి అన్నాడు తాయప్ప. అమరేశప్ప చీల్చాడు. తాయప్ప ఏరుకున్నాడు. తీరా చూస్తే ఒక ముక్కలో గింజలెక్కువ. మరి గింజల మాటేమిటని తాయప్ప తల పట్టుకు కూర్చున్నాడు. అది తేలేలోగా పండును చీమలు తినేశాయి. చీమలు మాత్రం ఎంతో న్యాయంగా పంచుకున్నాయని తాయప్ప చాలా ఏళ్లు మెచ్చుకుంటూ తిరిగాడు.

పెద్దయ్యాక జబ్బు ముదిరింది. వీధి కొళాయి దగ్గర ఆడవాళ్లు బిందెల వరుస కోసం జుట్లు పట్టుకుంటుంటే తాయప్ప మిషన్ ఆపి లేచి వెళ్లాడు. ఒకరోజు వరుస ముందు నుంచి, మర్నాడు అదే వరుస వెనక నుంచి పట్టుకోవాలని తీర్పు చెప్పాడు. అందరూ ఒప్పుకున్నారు. బసవ్వ ఒక్కతే ఒప్పుకోలేదు.

"యాకప్పా తాయన్నా, నా బిందె నట్టనడుమ ఉండె. ముందు నుంచి వట్టిన నడుమనే, ఎన్క నుంచి వట్టిన నడుమనే. నా బతుకు నడుమల్నే పోవాల్నా?"

తాయప్ప ముఖం పాలిపోయింది. ఆ వారమంతా ఆయన కుట్టిన చొక్కాలకు ఒక చెయ్యి పొడుగు, ఒక చెయ్యి పొట్టి. చివరికి ఏమీ తోచక, బసవ్వ బిందె రోజూ తానే మోసుకెళ్లి నింపి ఇచ్చాడు. ఖాయిదా దొరికేదాకా అన్నాడు. కొళాయి ఎండిపోయింది గాని ఖాయిదా దొరకలేదు.

ఇంట్లో భార్య హులిగెమ్మతో పోట్లాటలకు కూడా ఖాయిదా ఉండేది. ఒకనాడు చివరి మాట ఆయనది, ఒకనాడు ఆమెది. హులిగెమ్మ తక్కువ తిన్న మనిషి కాదు. తన వంతు వచ్చిన నాడు పోట్లాట మధ్యలో నోరు మూసుకుని కూర్చునేది. చివరి మాట ఆమె అననిదే పోట్లాట ముగియడానికి వీల్లేదు కదా! తాయప్ప అన్నం ముందు పెట్టుకుని, "అనవే, ఏదో ఒకటి అనవే, తిననియ్యి" అని బతిమాలేవాడు. ఈ సంగతి అమరేశప్ప ఊళ్లో ఎంతమందికి చెప్పాడో లెక్కలేదు.

ఇంతకీ గుర్రాల సంగతికి రావాలి.

స్టేషన్ ఎదురుగా అయ్యమ్మ చాయ్ హోటల్. వానాకాలం వచ్చిందంటే హైదరాబాదు గుర్రపు రేసుల ముచ్చట్లు అక్కడ బల్లల మీద దొర్లేవి. రైల్లో పేపరు వస్తుంది, అందులో రేపు పరుగెత్తే గుర్రాల పేర్లుంటాయి. ఏది గెలుస్తుందో తలా ఒకటి చెప్పుకుంటారు. మర్నాటి పేపర్లో ఫలితం చూస్తారు. పైసలు పెట్టే మొగాడు ఒక్కడూ లేడు. గెలిచినవాడికి గోడకు ఆనుకుని కూర్చునే చోటు, అంతే. ఆ చోటు కోసమే కొట్టుకునేవారు.

వాళ్లందరిలోకీ గుర్రాల మీద పిచ్చి ప్రేమ టాంగా భీమప్పది. బతుకంతా టాంగా తోలినవాడు. పేరు వింటేనే గుర్రం ఎట్లా పరుగెత్తుతుందో చెబుతానని కోతలు కోసేవాడు. అన్నీ తప్పే. పెద్దతనాన ఆయనకు చూపు పోయింది. గుర్రం పోయింది, టాంగా పోయింది. మిగిలింది అయ్యమ్మ హోటల్లో బల్ల, ఈ పందెం.

చూపు లేని మనిషి ఓడిపోతుంటే పక్కనున్నవాళ్లు చూడలేకపోయారు. తాయప్ప ఆ నెల యరగేరలో ఉన్నాడు. అక్కడొక పెళ్లింట్లో మిషన్ పెట్టుకుని ఇంటిల్లిపాదికీ బట్టలు కుడుతున్నాడు. ఇక్కడ అమరేశప్ప పేపరు చదువుతూ, భీమప్ప చెప్పిన గుర్రమే గెలిచిందని ఒకనాడు నోటికొచ్చినట్టు చదివాడు. భీమప్ప ముఖం వెలిగిపోయింది. ఆ వెలుగు చూశాక ఎవరాపగలరు? తర్వాతి వారం రైల్వే గుమాస్తా జగన్నాథ్ చదివాడు, మళ్లీ భీమప్ప గుర్రమే. ఆ పై వారం మళ్లీ. భీమప్ప గోడకు ఆనుకుని మీసం మెలేస్తూ అందరికీ సలహాలిచ్చేవాడు.

ఒకనాడు హైదరాబాదు నుంచి దిగిన ప్రయాణికుడొకడు చాయ్ తాగుతున్నాడు. భీమప్ప ఉత్సాహంగా, "మొన్న మన లాల్ పరీ ఎట్ల ఉరికింది సాబ్?" అని అడిగాడు.

"లాల్ పరీయా? అది కాలు బెణికి రేసుకే రాలే గద!"

భీమప్ప చాయ్ కింద పెట్టాడు.

"మరి ఆ ముందు వారం నీలోఫర్?"

"అది ఆఖరుకొచ్చింది."

భీమప్ప కర్ర వెతుక్కుని లేచాడు. గుమ్మం దగ్గర ఆగి, "కండ్లు పోయినయి, సరే. ఓడెతందుకు గూడ పనికి రాకుండ జేస్తిరి గదరా నన్ను" అన్నాడు. ఆ పోవడం పోవడం మళ్లీ హోటల్ గడప తొక్కలేదు.

అమరేశప్పకు అన్నం సహించలేదు. వెళ్లి బతిమాలాడు. భీమప్ప గోడ వైపు తిరిగి పడుకున్నాడు. భీమప్ప భార్య మారెవ్వ గడపలో నిలబడి, "మాట్లాడడు. తిండి సగం జేసిండు. మనిషి గిట్లనే పోతడేమో అన్నా" అంది. తాయప్ప యరగేర నుంచి రాగానే అమరేశప్ప సంగతంతా చెప్పి, "నువ్వన్న పోయి నాలుగు మాటలు జెప్పు" అన్నాడు.

తాయప్ప చాలాసేపు టేపు మెడలో వేసుకుని ఆలోచించాడు. ఆ తర్వాత ఆయన అన్న మాటకు అమరేశప్పకు ఒళ్లు మండింది.

"అసలు మీ ఆటనే సరిగ్గ లేదు. దానికి ఖాయిదా లేదు."

"మనిషి పోతుండు అంటె ఆటంటవేంది? నీది గుండెనా, కత్తెరనా?"

"ఖాయిదా లేని ఆటల గెలుపు గూడ ఉత్తదే" అని తాయప్ప మిషన్ మూసేశాడు. అంటే పెద్ద పనికే పూనుకున్నాడన్నమాట.

వచ్చే వారానికి అయ్యమ్మ హోటల్ మూలన పరదా ఒకటి వెలిసింది. ఊళ్లోవాళ్ల కోట్లకు వాడగా మిగిలిన లైనింగు ముక్కలన్నీ కలిపి కుట్టిన పరదా. దాని వెనక వరుసగా మట్టి ముంతలు, పేర్లు చదివే వరుసలోనే గుర్రానికొక ముంత.

తాయప్ప ఒక సంచి పట్టుకొచ్చాడు. అందులో గుండీలు. ఒకటి ఇత్తడిది, ఒకటి ఎముకది, ఒకటి కొయ్యది, ఒకటి కోటుకు వేసే పెద్దది, ఇట్లా దేని మాదిరి దానిదే. "కండ్లు మూసుకుని సంచిల చెయ్యి వెట్టి ఒక్కటి తీయుండ్రి. ఎవ్వనికీ సూపియ్యొద్దు. నాకు గూడ. ఏ గుండీ ఎవ్వనిదో ఎవ్వనికీ తెలువొద్దు."

"కండ్లెందుకు మూసుకోవాలె?"

"ఖాయిదా."

ఇంకా ఉంది. పేపరు ఎవరూ ముట్టుకోకూడదు. గుర్రాల పేర్లు ఒకడు గట్టిగా పైకి చదవాలి, మళ్లీ ఒకసారి చదవాలి. తర్వాత ఒక్కొక్కరే పరదా వెనక్కి పోయి, వరుస తడిమి తనకు నచ్చిన గుర్రం ముంతలో గుండీ వేయాలి. ఒకడిది చూసి ఒకడు వేసే వీల్లేదు. గుర్రం రేసుకే రాకపోతే గుండీ వాపసు, దానికి గెలుపూ లేదు, ఓటమీ లేదు. ఈ మాట చెప్పినప్పుడు అందరూ తలలు దించుకున్నారు.

రేసుకొక దోసెడు పల్లీలు. గెలిచిన గుర్రం ముంతలో ఎన్ని గుండీలుంటే అన్నిటికీ సమంగా పంపకం. అందరూ మొగ్గిన గుర్రానికి తలా నాలుగు గింజలు, ఒక్కడే పసిగట్టిన గుర్రానికి మూటెడు.

జగన్నాథ్ చెయ్యెత్తాడు. "తాయన్నా, గట్లయితె ఎన్కవడ్డోడు ఆఖరి రేసుల ఏదో కుంటి గుర్రానికి గుడ్డిగ ఏసి, అది తప్పిపోయి గెలిస్తె అందర్నీ దాటిపోతడు గద?"

తాయప్ప మెచ్చుకోలుగా చూశాడు. అట్లాంటి ప్రశ్నలంటే ఆయనకు ప్రాణం. "అందుకే ఒక్క గుండీకి సగం దోసెడుకు మించి లేదు. మిగిలింది అయ్యమ్మ చట్నీకి."

"ఖాయిదా అంటె గిట్లుండాలె" అంది అయ్యమ్మ పొయ్యి దగ్గర నుంచి.

పల్లీలు దాచడానికి గోడ మీద తాడు కట్టి చిన్న సంచులు వేలాడదీశాడు. ఒక్కో సంచికీ ఒక్కో గుండీకి జోడు గుండీ కుట్టి ఉంది. తడిమితే చాలు, ఏది దేనిదో తెలుస్తుంది. పంపకమయ్యాక గుండీలన్నీ పరదా వెనక ఒకే ముంతలో పడతాయి, ఎవరిది వాళ్లు తడిమి తీసుకోవాలి. చివరికి ఎవరి సంచి నిండితే వాడికి గోడ పక్క చోటు. అందరికంటే తక్కువున్నవాడు ఒక వారం అందరికీ చాయ్ పోయాలి.

అందరూ గుండీలు తీశాక సంచిలో ఇంకొకటి గలగలమంది. "ఒకటి మిగిలింది, లెక్క తప్పినవ్" అన్నాడు అమరేశప్ప సంతోషంగా. తాయప్ప లెక్క తప్పడం అతను ఎన్నడూ చూడలేదు. "తప్పిన" అని తాయప్ప సంచి మూతి బిగించాడు.

అసలు గొడవ ఫలితం దగ్గర వచ్చింది. గెలిచిన గుర్రం పేరు మనలో ఎవరూ చదవకూడదన్నాడు. రైలు దిగే పరాయి మనిషిని పట్టుకొచ్చి చదివించాలట.

"మా మీద నమ్మకం లేదా?" అని అమరేశప్ప లేచాడు.

"లేదు" అన్నాడు తాయప్ప, పల్లీలు ఊదుకుంటూ.

ఇక ప్రతి వారం స్టేషన్లో వేట మొదలైంది. మెడలో టేపు వేసుకున్న మనిషి పరుగున వచ్చి చెయ్యి పట్టుకుంటే ఎవరికైనా భయమే. ఒకాయన చొక్కా కొలత కోసమనుకుని చేతులు చాచి నిలబడ్డాడు. ఇంకొకాయన పోలీసులనుకుని పెట్టె వదిలి పరుగెత్తాడు, తాయప్ప పెట్టె మోసుకుంటూ వెంబడించాడు. ఒకనాడు దొరికినవాడు కాలువ కింద పొలం కొనుక్కుని సింధనూరు పోతున్న గోదావరి జిల్లా రైతు.

"ఏవండీ, నేను బస్సందుకోవాలండీ! మావాళ్లు నారు పీకేసి ఎదురుచూస్తుంటారండీ!"

"ఒక్క పేరు సదివి పో. ఈడున్నోళ్లల్ల నీకెవ్వరన్న ఎరికేనా?"

"తెలీదండీ."

"తెలుసుకోకు."

"పోనీ మీలో ఎవరు గెలవాలో చెప్పండి, ఆ పేరే చదివేస్తానండీ. ఎవరి మనసూ కష్టపెట్టడం ఎందుకూ?"

తాయప్ప ఆయన్ను బయటికి పంపి ఇంకొకణ్ని పట్టుకొచ్చాడు. ఇంతలో బస్సు పోయింది. ఆ రైతుకు రాత్రి భోజనం హులిగెమ్మ చేతిలో. అది కూడా ఖాయిదానేనట.

ఇవన్నీ చూసి చూసి అమరేశప్పకు ఓపిక నశించింది. ఒక ఆదివారం భీమప్ప ఇంటికి పోయి మంచం పక్కన కూలబడ్డాడు. బతిమాలడానికి కాదు. తాయప్ప మీద కడుపుమంట ఎక్కడో ఒకచోట కక్కాలి, భీమప్ప అయితే అడ్డం మాట్లాడడు.

"భీమన్నా, ఆ తాయప్ప ఉన్నడు సూడు, మనిషి గాదు వాడు. గుర్రాల ఆటకు పరదా గట్టిండు! కండ్లు మూసుకుని గుండీ తీయాల్నట! పేపరు సూడొద్దట, చెవుల్తోని ఇనాల్నట! తడుముకుంట పోయి ముంతల ఎయ్యాల్నట!"

గోడ వైపు తిరిగిన మనిషి కదల్లేదు.

"ఎవ్వని గుండీ ఏదో ఎవ్వనికీ తెల్వదట. అంటె గెలిచినోన్ని పొగడరాదు, ఓడినోన్ని ఓదార్చరాదు. గిదేం ఆట?"

భీమప్ప మెల్లగా వెల్లకిలా తిరిగాడు.

"ఫలితం ఎవ్వడు సదువుతుండు?"

"గదే జెప్తున్న! ఎవ్వడో రైలు దిగినోడు. ముక్కు మొఖం ఎరగనోడు. మమ్మల్ని నమ్మడట వాడు! మేము..."

అమరేశప్ప ఇప్పటిదాకా ఒక్కొక్కటే తిట్టుకుంటూ వచ్చిన ఖాయిదాలన్నీ ఒక్కసారిగా వరుసలో నిలబడ్డాయి. కళ్లు మూసుకోవడం. వినడం. తడమడం. ఎవరిది ఏదో తెలియకపోవడం. పరాయి మనిషి గొంతు. తాయప్ప ఆ ముంతలు, ఆ పరదా, ఆ సంచులు అన్నీ కట్టింది దొంగలు రాకుండా కాదు. జాలి లోపలికి రాకుండా. ఎక్కడ ఏ చిన్న సందున్నా అక్కడ నుంచి అమరేశప్ప జాలి దూరుతుందని తెలిసి, ప్రతి సందూ వెతికి వెతికి కుట్టేశాడు. ఇంత పనీ చేసి ఒక్క మాట చెప్పలేదు. గోలీలాడిన నాటి నుంచి తనకు తెలిసిన మనిషేనా ఇతను?

"మారీ" అని భీమప్ప పెళ్లాన్ని కేకేశాడు. "నా కర్ర యాడుంది?"

హోటల్లో ఆయన అడుగు వినబడగానే అందరూ లేచి నిలబడ్డారు. తాయప్ప మాత్రం లేవలేదు. "ఆలస్యమొచ్చినవ్" అన్నాడు.

"సంచిల మిగిలిన గుండీ నాదేనా?" అన్నాడు భీమప్ప.

"గాదు. అది నీకిస్తె అది నీదని అందరికీ తెలుస్తది. అందరు గుండీలు వాపస్ సంచిల ఎయ్యుండ్రి. మళ్ల తీయాలె. ఆట మొదటి నుంచి."

గోడ మీద ఒక సంచి పిగిలేటట్టుంది. జగన్నాథ్ ఇంచుమించు ఏడ్చాడు. "తాయన్నా, గెలిచే మనిషిని! అన్యాయం!"

"న్యాయమే గని జర నొస్తది" అన్నాడు తాయప్ప. ఆ పల్లీలన్నీ అయ్యమ్మ చట్నీకి పోయాయి.

రేసులు ముగిసేదాకా భీమప్ప ఒక్క వారం మానలేదు. పరదా వెనక్కి తడుముకుంటూ పోయేవాడు, కళ్లున్న మిగతావాళ్లు కూడా అక్కడి చీకట్లో తడుముకుంటూనే పోయేవారు. ఎప్పటిలాగే కోతలు కోసేవాడు. ఆయన గుండీ ఏదో ఎవరికీ తెలియదు. కనిపెట్టాలని అమరేశప్పకు మనసు పీకేది, కాని ఏం లాభం, ఖాయిదాకు ఎక్కడా చిరుగు లేదు.

ఆఖరు రోజు సంచులు దించారు. అందరికంటే నిండింది కొయ్య గుండీది. "నాది!" అని జగన్నాథ్ ఎగిరి గోడ పక్కన కూర్చున్నాడు. అతని వైపు ఎవరూ చూడలేదు. అందరూ ఎముక గుండీ సంచి వైపు చూస్తున్నారు. తాయప్ప దాన్ని తలకిందులు చేశాడు. ముడతలు పడ్డ పల్లీ ఒకటి బల్ల మీద రాలింది.

"ఇదెవ్వరిది?"

ఒక్కొక్కరే పిడికిలి విప్పి తమ గుండీ చూపించారు. భీమప్ప పిడికిలి ఒక్కటే మిగిలింది. అమరేశప్పకు పాత అలవాటు, నోరు దానంతటదే తెరుచుకుంది, "అది నా..." అనబోయాడు. తాయప్ప అతని మెడకేసి కొలత తీస్తున్నట్టు చూశాడు. నోరు మూతపడింది.

భీమప్ప పిడికిలి విప్పాడు. ఎముక గుండీ. వేళ్లతో సంచి మీది జోడు గుండీని తడిమాడు, మళ్లీ చేతిలోది తడిమాడు. ముఖం కొంచెం కొంచెంగా విచ్చుకుంది.

"ఓడిన్రా!" అని అరిచాడు. "నిజంగ ఓడిన! అందర్కంటె ఎన్క! అయ్యమ్మా, చాయ్ గిన్నె యాడుందో సూపియ్యి!"

గోడ పక్క చోటులో కూర్చుని మీసం మెలేసిన రోజుల్లో కూడా ఆయన ముఖంలో అంత వెలుగు అమరేశప్ప చూడలేదు.

వేడి గిన్నెతో ఆయన వస్తుంటే అమరేశప్ప అందుకోబోయాడు. "కూకో" అన్నాడు తాయప్ప. "ఓడినోనికి సాయం జేస్తె వచ్చే వారం నీది." భీమప్ప గ్లాసు అంచు వేలితో చూసుకుంటూ పోశాడు. అమరేశప్ప గ్లాసు నిండి పంచె మీద పొర్లింది. కాలింది. అతను పళ్లు బిగబట్టి, "బాగుంది భీమన్నా" అన్నాడు.

తాయప్ప తన గ్లాసు ఎత్తి చూశాడు. అడుగున రెండు గుక్కలున్నాయి. ఇవాళ ఒక్కరోజు ఊరుకోవయ్యా అని అమరేశప్ప కళ్లతో బతిమాలాడు.

"ఏందిది?" అని తాయప్ప గ్లాసు బల్ల మీద కొట్టాడు. "అందరికీ నిండ, నాకు అడుగున తడి! చాయ్ పోసుడు గిట్లనేనా? ఖాయిదా లేదా?"

హోటలంతా బిత్తరపోయింది. భీమప్ప మాత్రం గిన్నె దించి, నడుం మీద చెయ్యి పెట్టుకుని, నెలల తర్వాత గొంతు నిండా పోట్లాటకు దిగాడు.

"పోసెటోడు ఎట్ల పోస్తె తాగెటోడు గట్ల తాగాలె! గది నా ఖాయిదా!"

"గీ ఖాయిదా యాడ రాసింది?"

"నీ ఖాయిదాలు యాడ రాసినయి? దర్జీ సాబు వచ్చిండు పెద్ద! వట్టు గ్లాసు!"

ఈసారి గ్లాసు నిండింది, పొంగింది, తాయప్ప కొత్త తెల్ల చొక్కా మీదికి పారింది.

"ఇప్పుడు సరిపోయిందా?"

"ఇప్పుడు ఎక్కువైంది!"

ఆ పోట్లాట దీపాలు పెట్టేదాకా సాగింది. చివరి మాట ఎవరిదో తేలలేదు. పరదా విప్పడానికి వచ్చిన హులిగెమ్మ మొగుడి చొక్కా చూసి నోరు తెరిచింది, ఆ రోజు తన వంతని గుర్తొచ్చి హాయిగా మూసుకుంది.